నీటికి ఎలా తెలుసు?

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, కణంలోకి పదార్థాల రాకపోకల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వ్యాపనం (అణువులు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పరచుకోవడం), ద్రవాభిసరణం (నీరు పొర దాటి అలా పోవడం) నీకు బాగానే తెలుసు. తంటా అంతా క్రియాపదాలతోనే వచ్చింది.

"గాఢత తక్కువున్న చోటును వెతుక్కుంటూ అణువులు వెళ్తాయి" అన్నావు. నా తొలి వ్యాసంలో నేనూ అలాగే, నీరు సమతూకం కోసం తహతహలాడుతుందని రాశాను. ఒక పాఠకుడు కార్డు ముక్క మీద ఒకే ప్రశ్న పంపాడు: "అవతల తక్కువుందని నీటికి ఎలా తెలుసు?" జవాబు రాయడానికి నాకు వారం పట్టింది.

తెలియదు. అసలు సంగతంతా అదే. అణువు వేడి వల్ల ఊరికే కొట్టుకుంటూ, పక్కవాటిని గుద్దుకుంటూ ఎటుపడితే అటు పోతుంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ మైక్రోస్కోపు కింద చూసిన పుప్పొడి రేణువుల్లోని నలుసులు అలా వణికింది నీటి అణువుల గుద్దుళ్లకేనని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టి చూపాడు. ఇటువైపు వెయ్యి, అటువైపు పది అణువులు ఉంటే, ఇటు నుంచి అటు దాటేవే ఎక్కువ. ఇందులో ఉన్నది తలల లెక్కే, కోరిక కాదు. రెండువైపులా సమానమయ్యాక కూడా రాకపోకలు ఆగవు, లాభనష్టాలు సరిపోతాయంతే. నువ్వేమో "ఆగిపోతాయి" అని రాశావు, దిద్దు.

సెంటు సీసా ఉదాహరణ కూడా తీసెయ్. అందరూ వాడతారు, నేనూ వాడాను. కానీ గదిలో వాసన అంత తొందరగా మనల్ని చేరేది ఎక్కువగా గాలి కదలికల వల్ల. గాలి నిజంగా కదలకుండా ఉంటే, ఒట్టి వ్యాపనంతో గది ఆ మూలకు చేరడానికి రోజులు పడుతుంది.

నువ్వు వదిలేసిన బంగారం ఇక్కడే ఉంది. వ్యాపనంలో దూరం పదింతలైతే సమయం వందింతలవుతుంది. నీటిలో చిన్న అణువు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు, దాటడానికి సుమారు 0.05 సెకను చాలు. అదే ఒక సెంటీమీటరంటే దాదాపు 14 గంటలు! కణాలు అంత చిన్నగా ఎందుకున్నాయో, శరీరంలో రక్తకేశనాళికలు దాదాపు ప్రతి కణానికీ పక్కనే ఎందుకు పారుతుంటాయో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. నీ మూడు పేరాల వర్ణన బదులు వాటిని పెట్టు.

ద్రవాభిసరణానికి నిర్వచనంతో మొదలెట్టకు. ఎర్ర రక్తకణాన్ని స్వేదనజలంలో వెయ్యి. లోపలి లవణాలు, ప్రోటీన్లు బయటికి సులువుగా రాలేవు, నీరు మాత్రం పొర దాటగలదు. బయటికి పోయే నీటి కన్నా లోపలికొచ్చేది ఎక్కువై కణం ఉబ్బి పగిలిపోతుంది. గాఢమైన ఉప్పునీటిలో వేస్తే ముడుచుకుపోతుంది. లీటరుకు 9 గ్రాముల ఉప్పున్న సెలైన్‌లో ఏ గొడవా ఉండదు. అందుకే సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుంది. మొక్క కణానికి గట్టి కణకవచం ఉంది కనుక పగలదు, బిగుసుకుంటుంది. లేత కాడ నిటారుగా నిలబడేది ఆ బిగువుతోనే. పాఠకుడికి ఇదంతా కళ్లకు కట్టాక, కొన్నిటినే దాటనిచ్చే ఇలాంటి పొరను "పాక్షిక పారగమ్య త్వచం" అను, బెదరడు.

కణపొరను నువ్వు జల్లెడతో పోల్చావు. జల్లెడ సైజు ఒక్కటే చూస్తుంది. ఆక్సిజన్ కొవ్వు పొరలోంచి నేరుగా జారిపోతుంది. దానికన్నా చిన్నదైన సోడియం అయాన్ మాత్రం విద్యుదావేశం ఉన్నందుకు బయటే ఆగిపోతుంది, దానికి ప్రత్యేక ద్వారం కావాలి. నీటికి కూడా కొన్ని కణాల్లో ప్రోటీన్ ద్వారాలున్నాయి. ఆక్వాపోరిన్ అనే ఆ ద్వారాన్ని పీటర్ ఆగ్రే బృందం 1992లో గుర్తుపట్టింది, 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది. జల్లెడ పోలిక తీసేసి ఈ కథ చెప్పు.

సోడియం-పొటాషియం పంపు గురించి రాసిన పేరా బాగుంది కానీ ఇక్కడ ఇమడదు. శక్తి ఖర్చుపెట్టి ఎదురీదించే పని అది, వేరే వ్యాసానికి దాచుకో.

దిద్దినది వచ్చే నెలలోగా పంపు. శీర్షికలో "అద్భుత రహస్యం" అన్నావు చూడు, దాన్ని మాత్రం ఇవాళే కొట్టెయ్.

ఇట్లు,
నీ పెద్దాయన