కల్లం మీద కారు తోలకు

చిరంజీవి బుజ్జికి, బెంగళూరు జయనగర్ నుంచి పెదనాన్న దీవించి రాసేది.

దీపావళి అయిన వారంలో ఒక్కదానివే కారేసుకుని కదిరి దాకా పోయొస్తానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి నిన్ను ఆపమంది. ఆపను. ముప్పై ఏళ్ళు బ్యాంకులో పంటరుణాలు రాస్తూ ఆ ఊళ్ళన్నీ ఒంటరిగా తిరిగినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని ఆపేది?

హెబ్బాళ పొద్దున ఆరు లోపే దాటెయ్. బాగేపల్లి దాకా 44వ నంబరు హైవే మీద చూసేదేం లేదు, గమ్మున పో. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర గోరంట్ల వైపు తిరిగితే కదిరి. లేపాక్షి ఇంకోసారి పెట్టుకో. ఓపికుంటే తిమ్మమ్మ మర్రిమాను చూడు. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కింది, అయిదెకరాల నీడ. తిరుగు దారి మదనపల్లె, చింతామణి, హొసకోటె.

చెనక్కాయ, అదే వేరుశనగ, పెరికే చోట కారాపు. వాన పడి నేల మెత్తగా ఉంటే చెట్టు పట్టి లాగగానే కాయంతా గుత్తిగా వస్తుంది. నేల బిగిస్తే సగం భూమిలోనే తెగిపోతుంది. ఆ బిగుసుకున్న నేల చూస్తే నాకు అర్థమైపోయేది, ఈ ఏడు మా బాకీ వసూలు కాదని. నా రోజుల్లో అందరూ టీఎంవీ-2 రకం విత్తనం వేసేవాళ్ళు, తర్వాత కదిరి-6 వచ్చింది. నువ్వు ‘కాయ ఎట్లుంది?’ అని ఒక్క మాట అడుగు చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు. పచ్చికాయలు గుప్పెడు చేతిలో పెడతారు. డబ్బులివ్వబోయేవు, చిన్నబుచ్చుకుంటారు. రుచిగా ఉన్నాయని అన్నీ తినకు, కడుపు పట్టేస్తుంది. ఫోటో మాత్రం అడిగి తీసుకో.

అసలు భయం రోడ్డుతోనే. చింతామణి వైపు రాగి కోసి, కంకులు రోడ్డు మీదే పరుస్తారు, బండ్ల చక్రాలే నూర్చిపెడతాయని. తప్పే. కానీ కల్లానికి జాగా లేక, కూలీలు దొరక్క చేసే పని. లారీలకేం, ఎత్తుగా ఉంటాయి. ఒకసారి నేనూ దర్జాగా కారు తొక్కించాను. రెండు కిలోమీటర్లు పోయేసరికి కాలిన వాసన. దిగి వంగి చూస్తే, గడ్డి ఇరుసుకు తాడులా పేనుకుపోయి సైలెన్సర్ పక్కన నల్లబడుతోంది. పొలంలోంచి ఒక ముసలావిడ కొడవలి పట్టుకొచ్చి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని, కోసి కోసి లాగింది. కర్ణాటకే అయినా ఆ పక్క మాట తెలుగే. ఆ తెలుగులో ఆవిడ తిట్టిన తిట్లు మీ పెద్దమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి గడ్డి కనబడితే నెమ్మదిగా పక్కకు దింపి పో. దారి లేకపోతే ఆగి, కాస్త తోయమని అడుగు, తోస్తారు. దాటాక మళ్ళీ ఆగి కిందికి చూడు. డిక్కీలో నాలుగు నీళ్ళ బాటిళ్ళు పెట్టుకో, తాగడానికి కాదు, గడ్డి అంటుకుంటే ఆర్పడానికి.

ఆ నెలలో వానలకు నమ్మకం లేదు. చప్టా మీద నీళ్ళు పారుతుంటే, ముందున్న బస్సు దాటినా సరే, నువ్వు దాటకు. అయిదున్నరకల్లా హొసకోటె దగ్గర్లో ఉండాలి. చీకటి పడితే వెనక లైటు లేని ట్రాక్టర్లు నీ ముందే పోతున్నా కనపడవు. గొర్రెల మంద అడ్డొస్తే మాత్రం హారన్ కొట్టకు, చెల్లాచెదరై ఇంకా ఆలస్యం. చిల్లర నోట్లు ఉంచుకో, సిగ్నల్ లేని చోట ఫోన్‌లో డబ్బులు పోవు.

సీతాఫలాలు ఇంకా దొరికితే గంప దగ్గర ఆగి మాకూ తే. కళ్ళు విచ్చి, మధ్యలో గీత తెల్లబడిన కాయలు ఏరుకో. మెత్తబడినవి వద్దు, ఇల్లు చేరేలోపు చితుకుతాయి.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం కారు ఇక్కడికి తీసుకురా. స్టెప్నీ నీ చేతే మార్పిస్తాను. నేను కుర్చీ వేసుకుని చూస్తాను, చెయ్యి మాత్రం వెయ్యను.

మీ పెదనాన్న