క్లౌడ్‌లో తొలగించిన ఫోల్డర్ కంప్యూటర్‌లోనూ మాయమైతే ఏం చేయాలి?

ఆన్‌లైన్‌లో స్థలం నిండిపోయిందన్న హెచ్చరిక చూసి, బ్రౌజర్‌లో క్లౌడ్ ఖాతా తెరిచి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను తొలగించారని, కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లకు ఏమీ కాదనుకున్నారని, మర్నాడు చూస్తే అక్కడ కూడా ఫోల్డర్ ఖాళీగా ఉందని, ఇది జరిగి తొమ్మిది రోజులైందని మీరు రాశారు. కొన్నేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే పని చేసి, ఆరేళ్ల పరిశోధనకు సంబంధించిన ఫైళ్లన్నీ పోగొట్టుకునే స్థితికి వచ్చాను. అందుకే తెలిసినంతా వివరంగా రాస్తున్నాను.

మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. ఆ ఖాతాతో కలిపి ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ సింక్‌ను, అంటే క్లౌడ్‌లోని ఫైళ్లనూ కంప్యూటర్‌లోని ఫైళ్లనూ ఒకేలా ఉంచే ప్రోగ్రామ్‌ను, పాజ్ చేయండి. ఈ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆన్ చేయని పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే, దాన్ని ఇప్పుడు ఆన్ చేయకండి. దానికి కారణం కింద చెబుతాను.

తరవాత బ్రౌజర్‌లోనే మీ ఖాతాలోకి వెళ్లి, అక్కడి ట్రాష్ లేదా రీసైకిల్ బిన్ తెరిచి చూడండి. మీరు ఏ సేవ వాడుతున్నారో రాయలేదు కాబట్టి ఎక్కువమంది వాడేవాటి గడువులు చెబుతాను. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో పడిన ఫైళ్లు 30 రోజులు ఉంటాయి. వన్‌డ్రైవ్ వ్యక్తిగత ఖాతాలో 30 రోజులు, ఆఫీసు లేదా విద్యాసంస్థ ఇచ్చిన ఖాతాలో సాధారణంగా 93 రోజులు ఉంటాయి. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలోనూ, ఐక్లౌడ్ డ్రైవ్‌లోనూ 30 రోజులే. తొమ్మిది రోజులే గడిచాయి కాబట్టి, ట్రాష్‌ను మీరు ఖాళీ చేయకుండా ఉంటే ఫైళ్లు తిరిగి దొరికే అవకాశం చాలా ఎక్కువ. అవి కనబడగానే రిస్టోర్ నొక్కి అంతటితో ఆగిపోకండి. సింక్ పాజ్‌లో ఉండగానే, బ్రౌజర్ నుంచే ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని, నాలుగైదు ఫైళ్లు తెరిచి లోపల విషయం ఉందో లేదో చూసుకున్నాకే తరవాతి పనికి వెళ్లండి.

నా విషయంలో ఈ దారి మూసుకుపోయింది. ఫోల్డర్‌ను తొలగించిన తరవాత కూడా నిండిన స్థలం అంకె తగ్గకపోవడంతో కారణం వెతికాను. నేను వాడిన సేవలో ట్రాష్‌లో ఉన్నవి కూడా కోటాలోకే, అంటే ఖాతాకు ఇచ్చిన మొత్తం స్థలంలోకే, లెక్కకు వస్తాయని తెలిసి, వెంటనే ట్రాష్‌ను ఖాళీ చేశాను. అంకె తగ్గింది. తృప్తిగా కంప్యూటర్‌లో అదే ఫోల్డర్ తెరిచాను. విండో అడుగున ఫైళ్ల సంఖ్య ఉంటుంది కదా, అక్కడ నాలుగు వేల పైచిలుకు ఉండవలసిన సంఖ్య మూడు వేలకు దిగి, నేను చూస్తుండగానే ఇంకా తగ్గుతూ పోయింది. ఏం జరుగుతోందో అర్థం కాక అలాగే చూస్తూ కూర్చున్న ఆ రెండు నిమిషాల్లో నెట్ కేబుల్ పీకేసినా సగం ఫైళ్లు మిగిలేవి. ఇప్పటికీ నన్ను బాధించేది ఆ రెండు నిమిషాలే.

ఎందుకిలా జరుగుతుందంటే, సింక్ ప్రోగ్రామ్ దృష్టిలో కంప్యూటర్‌లో ఉన్నది అసలు, క్లౌడ్‌లో ఉన్నది నకలు అన్న తేడా లేదు. రెండు చోట్లా ఒకే స్థితి ఉండేలా చూడడమే దాని పని. ఒక చోట మార్పు జరిగితే దాన్ని రెండో చోటికి చేరుస్తుంది. కొత్త ఫైలు చేర్చడం, పాత ఫైలులో ఒక వాక్యం దిద్దడం ఎలాంటి మార్పులో, తొలగించడం కూడా దానికి అలాంటి మార్పే. మనం మాత్రం దాన్ని బ్యాకప్ అనుకుంటాం, ఎందుకంటే సెట్టింగ్స్‌లో చాలాచోట్ల ఆ మాటే రాసి ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను 'బ్యాకప్' చేయమంటారా అని అడిగే బటన్ నిజంగా చేసేది సింక్ మాత్రమే. ఆ పదాన్ని అక్కడ వాడడం తప్పని నా గట్టి అభిప్రాయం.

పాత ల్యాప్‌టాప్‌ను ఆన్ చేయవద్దని చెప్పడానికి కారణం కూడా ఇదే. నా దగ్గర హింజ్ విరిగిపోయి నాలుగు నెలలుగా అలమరలో పడి ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. అందులోనూ అదే ఖాతా, అదే ఫోల్డర్ ఉన్నాయి. అది నెట్‌కు తగిలిన మరుక్షణం, నాలుగు నెలల తరవాత వచ్చిన 'తొలగించు' అన్న ఆదేశాన్ని కూడా విధేయంగా పాటిస్తుంది. కాబట్టి ముందుగా రౌటర్ ప్లగ్ పీకేసి, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆగి ఉందని రెండుసార్లు చూసుకుని, అప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ చేశాను. తెర వెలగగానే వైఫై ఆపేశాను. ఫోల్డర్ తెరిస్తే నాలుగు నెలల కిందటి స్థితిలో అన్నీ అలాగే ఉన్నాయి. 'అధ్యాయం 4 చివరిది', దాని కింద 'అధ్యాయం 4 నిజంగా చివరిది' అన్న పేర్లు కనబడగానే నాకు కన్నీళ్లు వచ్చాయి. అన్నింటినీ పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్ డ్రైవ్‌ను తీసి పక్కన పెట్టాకే రౌటర్ మళ్లీ పెట్టాను.

ఇలాంటి పరికరం మీ దగ్గర ఉంటే మీరూ ఇదే వరస పాటించండి. అయితే కాపీ చేసే ముందు ఒక విషయం గమనించాలి. ఫోల్డర్‌లో పేరు కనబడినంత మాత్రాన ఫైలు ఆ కంప్యూటర్‌లో ఉన్నట్టు కాదు. స్థలం ఆదా చేయడానికి ఈ ప్రోగ్రాములు ఫైలు పేరును మాత్రమే చూపి, తెరిచినప్పుడే లోపలి విషయాన్ని నెట్ నుంచి దించుతాయి. విండోస్‌లో వన్‌డ్రైవ్ అయితే పేరు పక్కన నీలం మేఘం గుర్తు ఉంటే అది ఆన్‌లైన్‌లో మాత్రమే ఉన్నట్టు, ఆకుపచ్చ టిక్ ఉంటే ఈ కంప్యూటర్‌లో కూడా ఉన్నట్టు లెక్క. గుర్తుల మీద నమ్మకం లేకపోతే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ 'సైజ్' అని ఒకటి, 'సైజ్ ఆన్ డిస్క్' అని ఒకటి రెండు అంకెలు ఉంటాయి. రెండోది సున్నా అయితే మీ చేతిలో ఉన్నది పేరు మాత్రమే.

ఆ ల్యాప్‌టాప్ కంటే ముందు నేను రికవరీ సాఫ్ట్‌వేర్‌ల మీద మూడు రోజులు వృథా చేశాను. నా కంప్యూటర్‌లో ఉన్నది ఎస్ఎస్‌డి, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో ఫైళ్లు దాచే డిస్క్. తొలగించిన ఫైళ్లు ఉన్న చోటును ఇక వాడడం లేదని ఆపరేటింగ్ సిస్టమ్ ట్రిమ్ అనే ఆదేశంతో ఎస్ఎస్‌డికి చెబుతుంది, అది ఆ భాగాన్ని లోలోపలే తుడిచేస్తుంది. అందువల్ల ఆ సాఫ్ట్‌వేర్ వందల కొద్దీ పేర్లు చూపించినా, తెరిస్తే దేనిలోనూ ఏమీ లేదు. మీది పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ అయితే ప్రయత్నించవచ్చు. అప్పుడు కూడా ఆ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకండి, ఎందుకంటే మీరు వెతుకుతున్న ఫైలు ఉన్న చోటే అది కూర్చోవచ్చు. దీనికి ముందు కంప్యూటర్‌లోని రీసైకిల్ బిన్ కూడా ఒకసారి చూడండి. క్లౌడ్ నుంచి వచ్చిన తొలగింపును కొన్ని ప్రోగ్రాములు నేరుగా చెరిపేయకుండా అందులో వేస్తాయి.

మీ ప్రశ్న కింద ఒకరు సింక్ ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని సలహా ఇచ్చారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు గాని, దయచేసి ఇప్పుడు ఆ పని చేయకండి. ఇంకా అప్‌లోడ్ కాని మార్పులు కొన్నిసార్లు ఆ ప్రోగ్రామ్ తాత్కాలికంగా ఫైళ్లు దాచుకునే సొంత క్యాష్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. ప్రోగ్రామ్‌తో పాటు అవి కూడా పోతే ఇక ఎక్కడా దొరకవు.

విండోస్‌లో ఫోల్డర్ బ్యాకప్ ఆన్ చేసి ఆ తరవాత ఆపేసినవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. అప్పటికి డాక్యుమెంట్స్ అన్న పేరుతో రెండు ఫోల్డర్లు ఉంటాయి. ఒకటి మీ యూజర్ ఫోల్డర్‌లో నేరుగా ఉంటే, రెండోది అదే చోట వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఉంటుంది. మీకు ఖాళీగా కనబడుతున్నది మొదటిది అయి, ఫైళ్లు రెండోదానిలో భద్రంగా ఉండవచ్చు. మీరు వెబ్‌లో తొలగించారు కాబట్టి ఆశ తక్కువే, అయినా చూడడానికి అరనిమిషం కూడా పట్టదు.

ఫైళ్లు చేతికి వచ్చాక, స్థలం సమస్య మళ్లీ వస్తుంది కాబట్టి సెట్టింగ్స్‌లోని మాటల తేడా తెలుసుకోండి. 'ఫ్రీ అప్ స్పేస్' అంటే కంప్యూటర్‌లోని కాపీని తీసేసి క్లౌడ్‌లోది ఉంచడం. ఏ ఫోల్డర్లు కంప్యూటర్‌లో ఉండాలో ఎంచుకునే సెలెక్టివ్ సింక్‌లో ఒక ఫోల్డర్ పక్కన టిక్ తీసేస్తే జరిగేదీ అదే. ఇవి రెండూ డిస్క్‌లో స్థలం మిగులుస్తాయి గాని క్లౌడ్ కోటాను ఒక్క బైటు కూడా తగ్గించవు. క్లౌడ్‌లో మాత్రమే స్థలం మిగిలి, ఫైళ్లు కంప్యూటర్‌లో ఉండాలంటే నాకు తెలిసిన నమ్మకమైన మార్గం ఒక్కటే. ఆ ఫోల్డర్‌ను ముందుగా సింక్ ఫోల్డర్ బయట మరో చోటికి కాపీ చేసి, ఆ కాపీ నెట్ లేకుండా తెరుచుకుంటుందని నిర్ధారించుకున్నాక క్లౌడ్‌లో తొలగించాలి. నేను ఇప్పుడు దీనితో పాటు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ప్రతి ఆదివారం కాపీ తీసుకుని, పని కాగానే దాన్ని కంప్యూటర్ నుంచి విడదీసి పెడుతున్నాను. విడదీసి ఉన్న డిస్క్‌కు ఏ తొలగింపు ఆదేశమూ చేరదు.

నాకు ఆ చివరి నాలుగు నెలల పని మొత్తం తిరిగి రాలేదు. అధ్యాయాల ప్రతులు మా గైడ్‌కు పంపిన మెయిళ్ల అటాచ్‌మెంట్లలో దొరికాయి. ఏడు ఇంటర్వ్యూల రాతప్రతులు మాత్రం పోయాయి. వాటిలో మూడింటి ఆడియో రికార్డర్‌లోనే మిగిలి ఉండడంతో మళ్లీ విని రాసుకున్నాను. కాబట్టి మీరూ మెయిల్‌లో పంపినవాటి ఫోల్డర్‌ను, ఫోన్‌లో చాటింగ్ యాప్‌ల ద్వారా ఎవరికైనా పంపిన ఫైళ్లను వెతకడం మరచిపోకండి.

ముందు ట్రాష్ చూసి, అందులో ఫోల్డర్ కనబడిందో లేదో, మీది ఏ సేవో, కంప్యూటర్‌లో ఉన్నది ఎస్ఎస్‌డియో హార్డ్ డిస్కో ఇక్కడే రాయండి. ఒకవేళ ట్రాష్ ఖాళీగా ఉంటే ఆ సేవ సహాయ విభాగానికి ఈ రోజే రాయండి, ఎందుకంటే ఖాళీ చేసిన ట్రాష్‌ను కూడా కొద్దిరోజుల లోపు అడిగితే వారు కొన్నిసార్లు తిరిగి తెప్పించగలుగుతారు.