అగ్రిమెంట్ ముగిసినా ఖాళీ చేయని కిరాయిదారు, హైదరాబాద్: కరెంటు తీసేయవచ్చా?

వద్దండీ. మీ దగ్గర లోపం ఏంటంటే, సరైన నోటీసు ఇవ్వలేదు. 11 నెలల గడువు అయ్యాక కూడా అద్దె తీసుకున్నారు కాబట్టి ఆయనిప్పుడు నెలవారీ కిరాయిదారు. "ఖాళీ చేయండి" అన్న వాట్సాప్ మెసేజ్‌లను నమ్ముకుని కోర్టుకు వెళ్లకండి.

1. ఆస్తి బదిలీ చట్టం (1882) సెక్షన్ 106 కింద లాయరుతో 15 రోజుల నోటీసు ఇప్పించండి. నోటీసు అందిన రోజు నుంచి లెక్క. పోస్టు రసీదు దాచుకోండి.

2. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నోటీసు గడువు దాటాక ఆయన ఫోన్‌పేలో "జూన్ రెంట్" అని డబ్బు కొడతారు, మీరు ఊరుకుంటారు. దాంతో మీరే నోటీసు వదులుకున్నారని అదే చట్టం సెక్షన్ 113 చూపించి వాదిస్తారు. "ఇది అద్దె కాదు, ఇల్లు వాడుకున్నందుకు నష్టపరిహారంగా మాత్రమే జమ చేసుకుంటున్నాం" అని అదే రోజు రాతపూర్వకంగా పంపండి.

3. తర్వాత సివిల్ కోర్టులో దావా. బకాయిలు కూడా అందులోనే అడగండి. మీ అద్దె 14,000 కదా, హైదరాబాద్‌లో నెల అద్దె 3,500 దాటితే రెంట్ కంట్రోల్ (అద్దె నియంత్రణ) చట్టం వర్తించదు, అందుకే సివిల్ కోర్టు.

మీరే తాళం మార్చి బయటికి పంపారనుకోండి, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆయన ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఆ టెన్షన్ మీకెందుకు!