ఫిలిప్పీన్స్ సమాజాన్ని ఎవరి కళ్లతో చదివారు?

వలస పాలన ఫిలిప్పీన్స్ సంస్కృతినే కాదు, అక్కడి సమాజాన్ని చదివే తీరును కూడా మార్చిందంటారు, ఎలా అని అడిగారు.

1565 నుంచి 1898 దాకా స్పెయిన్, తర్వాత 1946 దాకా అమెరికా (మధ్యలో జపాన్ ఆక్రమణ) ఆ దేశాన్ని ఏలాయి. స్పెయిన్ క్రైస్తవ మతాన్ని తేవడంతో ఆగలేదు. 1849లో గవర్నర్ క్లావెరియా ఇంటిపేర్ల జాబితా పుస్తకం ఊరూరా పంపి, అందులోంచి పేర్లు ఇప్పించాడు. అమెరికా ఇంగ్లీషు బడి పెట్టింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది, ఎందుకంటే తర్వాత సామాజిక శాస్త్రాలు కూడా ఇంగ్లీషులోనే, అమెరికా కొలతలతోనే నడిచాయి.

ఒక్క ఉదాహరణ చాలు. ఫిలిప్పీనోల ముఖ్య విలువ 'పకికిసామా', అంటే నలుగురితో సర్దుకుపోవడం అని 1960లలో అమెరికన్ పరిశోధకుడు ఫ్రాంక్ లించ్ లాంటివాళ్లు రాశారు. అది చదివితే ఫిలిప్పీనోలు ఎదురు చెప్పలేని మెతక మనుషులనిపిస్తుంది. అమెరికాలో చదివి 1971లో తిరిగొచ్చిన ఫిలిప్పీనో మనస్తత్వ శాస్త్రవేత్త విర్జిలియో ఎన్రికెజ్ దీన్ని ఒప్పుకోలేదు. సర్దుకుపోవడం పైపొర మాత్రమే, దాని కింద 'కప్వా' ఉందన్నాడు. మన 'తోటివాడు' దానికి దగ్గరి మాట, కానీ కప్వాలో నేనూ వాడూ వేరు కాదనే భావం ఇంకా గట్టిగా ఉంటుంది. అన్యాయానికి ఎదురు తిరగడం కూడా అందులోంచే వస్తుంది.

పరిశోధన చేసే పద్ధతి కూడా మారింది. ప్రశ్నల ఫారం చేతికిచ్చే బదులు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, అవతలివాళ్లు తిరిగి ప్రశ్నిస్తే జవాబివ్వడం కూడా పరిశోధనే అయింది. నా దృష్టిలో ఎన్రికెజ్ తెచ్చిన పెద్ద మార్పు ఇదే.