పన్నెండు మందితో మాట్లాడితే అది పరిశోధనేనా?

ప్రశ్న: మాది నెల్లూరు. పదహారేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. నేను బ్యాంకులో బ్రాంచి మేనేజర్‌ని. మా అమ్మాయి ఇక్కడే ఎమ్మెస్సీ సైకాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. పెద్ద పదవుల్లో ఉన్న మహిళలు ఉద్యోగంలో ఒత్తిడిని ఎలా ఎదుర్కొంటున్నారో పన్నెండు మందిని అడిగి ప్రాజెక్టు రాస్తుందట. మా వాట్సాప్ గ్రూపులో ఫారమ్ పెడితే ఒక్క రోజులో రెండు వందల మంది నింపుతారు కదా అంటే వినదు. నేను 22 ఏళ్లుగా రోజూ పడుతున్నదే, అందులో పరిశోధించడానికి ఏముంది? దాని బదులు ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేస్తే మేలా? రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపింది కోర్సు సంగతి కాదు. ‘రోజూ పడుతున్నదే, ఏముంది?’ అన్న మాట. మీ అమ్మాయి ఎవరింటికి వెళ్లినా మొదట వినబోయేది ఇదే. ‘చెప్పడానికి ఏముందమ్మా’ అని మొదలుపెట్టినవాళ్లే గంటన్నర మాట్లాడతారు. ఆ గంటన్నరకు ఫారమ్‌లో చోటు ఉండదు. ‘ఇంట్లో సహకారం ఉందా?’ అన్న చోట అయిదుకు నాలుగు వేస్తారు. ఆ నాలుగుకు అర్థం భర్త వంట చేస్తాడనా, రాత్రి తొమ్మిదింటికి వచ్చినా అత్తగారు ఏమీ అనరనా? అంకె చెప్పదు.

ఇంకో మాట, కాస్త కటువుగా. ఆ గ్రూపులో మీ కింద పనిచేసేవాళ్లు ఎంతమంది? మేనేజర్ పంపిన ఫారమ్‌లో ‘మా మేనేజర్ వల్లే ఒత్తిడి’ అని ఎవరు రాస్తారు? రెండు వందలు వస్తాయి, నిజమే. అవి మీ మాట కాదనలేక నింపిన రెండు వందలు.

పన్నెండు తక్కువని భయపడకండి. 2006లో గ్రెగ్ గెస్ట్ అనే పరిశోధకుడి బృందం ఘానా, నైజీరియాల్లో అరవై మంది మహిళల ఇంటర్వ్యూలను విశ్లేషించి, మొదటి పన్నెండింటితోనే ముఖ్యమైన అంశాలు దాదాపు అన్నీ బయటపడ్డాయని చూపింది. అయితే ఒకే తరహా వాళ్లను, ఒకే విషయం మీద అడిగితేనే ఆ లెక్క. ఒక బ్యాంకు మేనేజర్, ఒక సాఫ్ట్‌వేర్ డైరెక్టర్, పీణ్య గార్మెంట్ ఫ్యాక్టరీలో ఒక సూపర్‌వైజర్ అని కలగాపులగం చేస్తే పన్నెండు కాదు, ముప్పై కూడా చాలవు. ఒక రంగం ఎంచుకోమనండి. మీ బ్యాంకు మాత్రం వద్దు.

అడిగే తీరు మీద ఆమె ఎక్కువ కష్టపడాలి. ‘ఒత్తిడిని ఎలా ఎదుర్కొంటారు?’ అని నేరుగా అడిగితే యోగా, ప్లానింగ్, కుటుంబ సహకారం అని మూడు ముక్కలు చెప్పి టీ ఇచ్చి పంపిస్తారు. ‘ఈమధ్య మీటింగులో మీ మాట పక్కన పెట్టిన రోజు ఒకటి చెప్పండి. బయటికి వచ్చాక ముందు ఎవరికి ఫోన్ చేశారు?’ అని అడగాలి. జవాబులో క్రియాపదాన్ని పట్టుకోవాలి. ‘తట్టుకున్నాను’ అన్నావిడ తగిలిన దెబ్బ గురించి చెబుతోంది. ‘సర్దుకుపోయాను’ అన్నావిడ వదులుకున్నదాని గురించి. ‘నెట్టుకొస్తున్నాను’ అంటే ఇంకా నడుస్తోందని. ‘నెగ్గుకొచ్చాను’ అన్న మాట నేను రిటైరైనవాళ్ల నోటే విన్నాను. మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో చేసిన విభజన ఆమె చదివే ఉంటుంది: సమస్యను మార్చబూనడం ఒకటి, దానివల్ల కలిగే బాధను అదుపు చేసుకోవడం ఒకటి. మన ‘సర్దుకుపోవడం’ అందులో ఎటు పడుతుందో తేల్చగలిగితే ప్రాజెక్టు గట్టెక్కినట్టే. అందుకే రికార్డింగును యంత్రానికి అప్పగించి ఇంగ్లీషు సారాంశం తీసుకోవద్దని చెప్పండి. గంట మాటలు రాసుకోవడానికి అయిదారు గంటలు పడుతుంది. పట్టనివ్వండి.

పేర్లు మారిస్తే చాలనుకోకూడదు. ‘వైట్‌ఫీల్డ్, చిప్ డిజైన్, తెలుగావిడ, వైస్ ప్రెసిడెంట్’ అంటే పేరు రాసినట్టే. ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి ఇంటర్వ్యూకు ముందే రావాలి. మాటల్లో లైంగిక వేధింపు బయటపడవచ్చు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ఫిర్యాదుకు మామూలు గడువు మూడు నెలలు. ఆ సంగతి, మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీమానస్ నంబరు 14416 ఆమె దగ్గర ఉండాలి.

ఇక డేటా సైన్స్. వారం వారం ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. గణాంకశాస్త్రం మీద ఇష్టంతో చేరేవాళ్లను నేను ఆపను. కానీ వాయిదాల మీద ఫీజు కట్టి ఆరు నెలలు చదివొచ్చిన పిల్లల రెజ్యూమేలు చూడండి: అందరిదీ కోర్సుల్లో సాధనకు ఇచ్చే అదే టైటానిక్ ఓడ ప్రయాణికుల లెక్క, అవే ఐరిస్ పూల కొలతలు. పక్కన ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివినవాళ్లు అదే ఉద్యోగానికి నిలబడి ఉంటారు. కొత్తవాళ్లకు ఇచ్చే చిన్న పనులు చాలావరకు ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసిపెడుతోంది. కోర్సు అమ్మేవాళ్లు ఇవేవీ చెప్పరు.

పోల్చమన్నారు, పోల్చేంత సమానమైనవి కావివి. మనుషుల చేత మాట్లాడించి, విన్నదానికి అర్థం వెతకడం వచ్చినవాళ్లు ఈ ఊళ్లో యాప్‌లు తయారుచేసే సంస్థల్లో వినియోగదారుల పరిశోధనకు, హెచ్.ఆర్.కు, స్వచ్ఛంద సంస్థలకు కావాలి. ఖాళీలు తక్కువే, వెతుక్కోవాలి. పీహెచ్‌డీకి వెళితే, నెట్ పరీక్షలో నెగ్గినవాళ్లకు ఇచ్చే జేఆర్ఎఫ్ అనే పరిశోధన వేతనం మొదట్లో నెలకు 37,000 రూపాయలు. పెళ్లి మాట మీరు రాయలేదు గానీ, మీ మనసులో ఉందని నా అనుమానం. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీలో మహిళలకు మామూలు గడువు మీద రెండేళ్ల వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. కంగారు పడకండి. లెక్కలు తర్వాతైనా నేర్చుకోవచ్చు.

మీరు పడ్డది ఆమె పడకూడదనే కదా ఈ ఆరాటమంతా? అసలు మీరు ఏం పడ్డారో ఆమెకు ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉంటే ఆమె పన్నెండు మంది పరాయివాళ్లను వెతుక్కునేది కాదేమో. మిమ్మల్ని లెక్కలో కలపకూడదు గానీ, మొదటి ఇంటర్వ్యూకు ముందు ప్రశ్నలు పరీక్షించుకోవడానికి ఒకరు కావాలి. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట ఆమె ముందు కూర్చోండి. రికార్డు చేసే ముందు సమ్మతి పత్రం మీద సంతకం అడుగుతుంది. బ్రాంచిలో అలవాటు కొద్దీ అందులో తప్పులు దిద్దకండి, సంతకం పెట్టి ఇచ్చేయండి.