నల్లపిట్ట నిక్కులు: గ్రాకిల్ మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సాస్): పొద్దుగూకేసరికి సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో చెట్ల నిండా నల్లటి పిట్టలు వాలి ఒకటే గోల. పొడుగు తోక, పసుపు కళ్లు. కాకుల్లో ఇదో రకమా? వాటి మధ్య తిరిగే గోధుమరంగు పిట్టలు ఏమిటి?

జవాబు: కాకులు కావు, వాటికి దగ్గరి చుట్టాలు కూడా కావు. ఇవి గ్రేట్-టెయిల్డ్ గ్రాకిల్స్. అమెరికా ఓరియోల్, మెడోలార్క్ పిట్టలు ఉండే ఇక్టెరిడే కుటుంబం వీటిది. ఈ కుటుంబం అమెరికా ఖండాలదే, మన దేశంలో లేదు.

గోధుమరంగువి వీటి ఆడపిట్టలే. కోయిలల్లో మగది నల్లగా, ఆడది మచ్చలమచ్చలుగా ఉండదూ, ఇక్కడా అలాగే ఆడామగా తేడా ఉంటుంది. మగపిట్ట తోకతో కలిపి సుమారు 45 సెంటీమీటర్లు. ఆడది అంతకంటే బాగా చిన్నది, బరువులో మగదానికి దాదాపు సగం. పెద్దవాటికి ఆడామగా రెంటికీ కళ్లు పసుపే. కళ్లు నల్లగా ఉంటే అది ఆ ఏటి పిల్ల అనుకోండి.

నీడలో చూసి నల్లపిట్ట అని వదిలేయకండి. ఎండ పడగానే మగదాని ఒళ్లు ఊదా, నీలం రంగుల్లో మెరుస్తుంది. ఈకల్లో నీలిరంగు పదార్థమేమీ లేదు. ఈక లోపలి సన్నని పొరల మీద వెలుగు విరిగి ఆ రంగు పుడుతుంది. అందుకే పిట్ట కాస్త పక్కకి తిరిగితే రంగు మారిపోతుంది. తోక మధ్యలో లోతుగా మడిచినట్టుంటుంది, వెనకనుంచి చూస్తే ఇంగ్లీషు ‘వి’ అక్షరమే. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఈకలు రాల్చేటప్పుడు ఆ తోక కూడా పోయి మొండిగా కనిపిస్తుంది. జబ్బేమోనని కంగారు పడనక్కర్లేదు.

మెక్సికోలో దీన్ని ‘సనాతే’ అంటారు. 1486 నుంచి 1502 వరకు ఏలిన అజ్టెక్ చక్రవర్తి అవీట్సోత్ల్ వీటిని తూర్పు తీర ప్రాంతాల నుంచి తన రాజధానికి తెప్పించి, మేత పెట్టించి, ఎవరూ కొట్టకుండా కాపాడించాడు. 1900 నాటికి అమెరికాలో దక్షిణ టెక్సాస్ దాటి పెద్దగా కనిపించేది కాదు. కాలువ నీళ్లు, పొలాలు, పచ్చిక లాన్లు పెరిగిన కొద్దీ ఉత్తరానికీ పడమటికీ పాకింది. పార్కింగ్ చెట్లనే ఎంచుకోవడానికీ కారణం ఉంది: దీపాల వెలుగు, గుడ్లగూబల బెడద తక్కువ, పొద్దున్నే కింద దొరికే తిండి.

ప్రశ్న (ఆస్టిన్): ఏప్రిల్లో ఒక మగపిట్ట ఒళ్లు ఉబ్బించి రెక్కలు వణికిస్తూ వింత చప్పుళ్లు చేసింది. మరోసారి రెండు మగపిట్టలు ముక్కులు ఆకాశానికెత్తి బొమ్మల్లా నిలబడ్డాయి. రెండూ ఆడపిట్ట కోసమేనా?

జవాబు: రెండింటి అర్థం వేరు. ముక్కు పైకెత్తడం సాటి మగదానికి హెచ్చరిక: ‘ఈ చెట్టు నాది, జరుగు’ అని. మెడ నిక్కించి, ఈకలు ఒంటికి అతుక్కునేలా బిగించి, ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. చాలాసార్లు ఏదో ఒకటి తగ్గి వెళ్లిపోతుంది, కలబడేదాకా రాదు.

ఒళ్లు ఉబ్బించేది పాట పాడేటప్పుడు. ఎండు పుల్లలు విరిచినట్టు చిటపటలు మొదలై, తుప్పు పట్టిన గేటు కిర్రుమన్నట్టు సాగి, చివర గట్టి ఈలలతో ముగుస్తుంది. తోక విప్పి, రెక్కలు కొంచెం దించి వణికిస్తుంది. ఆడపిట్ట దగ్గరికొస్తే భంగిమ మారుతుంది: తల వంచుతుంది, ‘చీట్ చీట్’ అని గబగబా అరుస్తూ దాని చుట్టూ తిరుగుతుంది. ఆడది మేత ఏరుకుంటూ పట్టనట్టే ఉంటుంది, చాలావరకు ఎగిరిపోతుంది కూడా. నిర్ణయం దానిదే. ఇష్టమైతే అదే తోక ఎత్తి, రెక్కలు వణికిస్తుంది.

ఒక మగది ఒకటి రెండు చెట్లు పట్టుకుని కాపలా కాస్తుంది. ఆ చెట్లలో అనేక ఆడపిట్టలు గూళ్లు కట్టుకోవచ్చు. చెట్టు దక్కేది ఎక్కువగా బరువైన, తోక పొడుగైన మగవాటికే. అంత తోక గాలిలో భారమే. ఈదురుగాలి రోజున చూడండి, గాలికి ఎదురుగా తిరిగి కూర్చోకపోతే మగది నిలదొక్కుకోలేదు.

గూడు కట్టడం, పొదగడం, మేపడం పూర్తిగా ఆడదాని పనే. గుడ్లు సాధారణంగా మూడు నాలుగు, లేత నీలం మీద సిరా గీతల్లాంటి నల్లని గీతలు. సుమారు 13 రోజులు పొదుగుతుంది. గడ్డి, ప్లాస్టిక్ పీలికలు, తాడుముక్కలు తెచ్చి అల్లుతుంది. పక్క గూటి నుంచి దొంగిలించడమూ ఉంది, అందుకే గూడు కట్టే రోజుల్లో ఆడపిట్టల మధ్య గొడవలు ఎక్కువ.

ప్రశ్న (ఫ్రిస్కో): మిగిలిన అన్నం, గింజలు పెరట్లో పెడితే చిన్న పిట్టల్ని రానివ్వకుండా ఇవే తినేస్తున్నాయి. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు అన్నం మానండి. నేలమీద, వెడల్పు పళ్లెంలో పెట్టిన తిండి ఏదైనా వీటికే పోతుంది. మొక్కజొన్న నూక, పొద్దుతిరుగుడు గింజలు మరీ ఇష్టం. వాటి బదులు కుసుమలు పెట్టండి. కార్డినల్స్ లాంటి పిట్టలు తింటాయి, గ్రాకిల్స్ అంతగా ముట్టవు. గోల్డ్‌ఫించ్ అనే చిన్న పిట్టలకు వలిసెలు మంచివి. అరకులో పసుపు పూల తోటలు చూస్తాం కదా, ఆ గింజలే ఇక్కడ ‘నైజర్’ పేరుతో అమ్ముతారు. గొట్టంలాంటి ఫీడర్ కొని, కూర్చునే కడ్డీలు అంగుళం మించకుండా చూడండి, పెద్ద పిట్ట నిలవలేదు. చుట్టూ ఒకటిన్నర అంగుళాల కళ్లున్న తీగబోను ఉంటే ఇంకా నయం. కాకపోతే దాంట్లోకి కార్డినల్ కూడా దూరలేదు. రాలిన గింజలు రోజూ ఎత్తకపోతే ఈ ఏర్పాట్లన్నీ వృథా.

రెట్టలు పేరుకున్న చోట పొడిగా ఊడవకండి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే బూజు ఉండొచ్చు. నీళ్లతో తడిపి, ఎన్95 మాస్కు పెట్టుకుని ఎత్తండి.

ప్రశ్న (ప్లేనో): మే నెలలో గుమ్మం దాటితే నెత్తిమీద తన్నుతోంది. కింద పిల్ల ఒకటి గెంతుతోంది. గూడు తీసేయవచ్చా?

జవాబు: వద్దు. గుడ్లు, పిల్లలు ఉన్న గూడు జోలికి వెళ్లకూడదు. 1918 నాటి వలసపక్షుల చట్టం వీటికీ వర్తిస్తుంది. ఈకలొచ్చిన పిల్లను అక్కడే వదలండి, తల్లి మేపుతూనే ఉంటుంది. పిల్లి, కుక్క మాత్రం అటు పోకుండా చూడండి. ఈకలు రాని పిల్లైతే గూట్లో పెట్టండి, మనిషి వాసనకు తల్లి వదిలేస్తుందన్నది అపోహ. పిల్ల బాగా ఎగిరేదాకా గొడుగు వేసుకుని వెళ్లండి.

ప్రశ్న (విశాఖపట్నం): పాత ఇంగ్లీషు పుస్తకంలో తూర్పు కనుమల్లో ‘గ్రాకిల్’ ఉందని చదివాను. అదీ ఇదీ ఒకటేనా?

జవాబు: కాదు. బ్రిటిష్ కాలపు పుస్తకాలు కొండ గోరువంకను ఆ పేరుతో పిలిచాయి. అది గోరువంకల కుటుంబానిది: నల్లని ఒళ్లు, నారింజరంగు ముక్కు, తలకు పసుపు తోలు మడతలు. దానికి పొడుగు తోక ఉండదు, ఆడామగా ఒకేలా ఉంటాయి.