ఆయాసం లేని రోజుల్లో కూడా ఇన్‌హేలర్ ఎందుకు పీల్చాలి?

ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ పీలిస్తే తగ్గిపోతుంది కదా, బాగున్న రోజుల్లో కూడా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ దేనికి అని అడిగారు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసంతో ఉన్నదాన్ని కాబట్టి ఇది నేనూ మా డాక్టర్ని అడిగిన ప్రశ్నే.

సాల్బుటమాల్ పనిచేసేది శ్వాసనాళం చుట్టూ ఉండే కండరం మీద. బిగుసుకున్న కండరం నిమిషాల్లో వదులవుతుంది, నాలుగైదు గంటలు హాయిగా ఉంటుంది. కానీ జబ్బు మొదలయ్యేది కండరంలో కాదు, నాళం లోపలి పొరలో.

ఆ పొర ఉత్త గోడ కాదండీ. అందులో కొన్ని కణాలు కళ్లె తయారుచేస్తాయి, కొన్నిటి మీద ఉండే సన్నని నూగు సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ, దుమ్మూ క్రిములూ అంటుకున్న ఆ కళ్లెను గొంతువైపు తోసేస్తుంది. కణానికీ కణానికీ మధ్య సందు లేకుండా గట్టి అతుకులుంటాయి. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఈ అతుకులు వదులుగా ఉంటాయి. పరుపుల్లో, దిండ్లలో చేరే దుమ్ముపురుగుల మలంలోని ఎంజైములు వాటిని ఇంకా తెంచుతాయి. సిగరెట్ పొగ, జలుబు వైరస్‌లు కూడా ఆ పొరనే దెబ్బతీస్తాయి. జలుబు తగ్గిపోయినా నాకు దగ్గూ పిల్లికూతలూ వారాల తరబడి వదలకపోవడానికి కారణం ఇదేనట.

దెబ్బతిన్న పొర ఊరుకోదు. టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33 లాంటి పదార్థాలు వదిలి రోగనిరోధక కణాలను పిలుస్తుంది. అవి వచ్చి వాపు పెంచుతాయి. వాపు ఏళ్ల తరబడి ఉంటే కళ్లె చేసే కణాలు ఎక్కువవుతాయి, గోడ మందమవుతుంది. బయటికి ఆయాసం లేకపోయినా లోపల ఇదంతా నడుస్తూనే ఉండొచ్చు.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తగ్గించేది ఈ వాపునే. అందుకే పీల్చగానే ఏమీ తెలియదు. నాకు కొన్ని వారాలకు గానీ తేడా కనబడలేదు, ముందు రాత్రి దగ్గు పోయింది. ప్రపంచమంతా అనుసరించే గినా (ఉబ్బసం చికిత్సపై సలహాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు కూడా 2019 నుంచి పెద్దవాళ్లకు, టీనేజి పిల్లలకు ఒక్క సాల్బుటమాల్‌తోనే సరిపెట్టొద్దని చెబుతున్నాయి. కొందరికి బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, కండరాన్ని వదులుచేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను అవసరమైనప్పుడు మాత్రమే వాడమని కూడా రాస్తారు, మీకు ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. ఎంత వాడినా లొంగని తీవ్రమైన ఉబ్బసానికి టీఎస్‌ఎల్‌పీనే అడ్డుకునే టెజెపెలుమాబ్ ఇంజెక్షన్ ఉంది, 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. మనలో చాలామందికి అంతదాకా అవసరం పడదు.

స్టెరాయిడ్ అన్న మాటకు భయపడకండి. మాత్రతో పోలిస్తే డోసు చాలా తక్కువ, అదీ ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. బాగుందని మీ అంతట మీరు ఆపొద్దు. రెండు మూడు నెలలు అదుపులో ఉంటే డోసు తగ్గించే సంగతి డాక్టరే చూస్తారు.